అన్నముంది, ఆకలి లేదు

మా అనంతపురం వైపు ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 1952 కరువులో గంజి కేంద్రాల దగ్గర వరసలో నిలబడిన సంగతి మా అవ్వ ఇప్పటికీ చెప్తుంది. అలాంటి చోట ఆకలి సమస్య అంటే తిండి లేకపోవడమే. తిండి ఎదురుగా పెట్టుకుని ఆకలి లేకపోవడమనేది ఒకటుంటుందని ఎవరికీ తోచదు.

అందుకే మా పెద్దమ్మ బెంగళూరు కిద్వాయ్‌లో కీమో చేయించుకుని వచ్చాక, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట. "తినల్లక్కా, తింటేనే కదా తిరుక్కునేది." ప్రేమే, కాదనను. కానీ సంగటి ముద్ద చూస్తేనే ఆమె మొహంలో భయం. "నోట్లో ఇనుము పెట్టుకున్నట్టుందిరా" అనేది.

అది మొండితనం కాదండీ. జబ్బు వల్ల ఒంట్లో పుట్టే రసాయనాలు మెదడులోనే ఆకలిని నొక్కేస్తాయి. కీమో నాలుక రుచిని మార్చేస్తుంది. బలవంతంగా కుక్కితే వాంతి తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మా అక్క (ఇలాంటివాటిలో నాకంటే చాలా తెలివైంది) ముందు కంచం మార్చింది. పెద్ద స్టీలు పళ్ళెం పోయి చిన్న పింగాణీ గిన్నె వచ్చింది. మూడు పూటల లెక్క ఎత్తేసి, రెండు గంటలకోసారి నాలుగు చెంచాలు. పొద్దున కాస్త తినబుద్ధయ్యేది, కాబట్టి బలమైనదేదో అప్పుడే. తిరగమాత వాసనకే కడుపులో తిప్పేది, ఆ వేళకి ఆమెను వేపచెట్టు కింద కూర్చోబెట్టేవాళ్ళం. వేడి సంగటి కన్నా చల్లారిన రాగి అంబలి నయం. అందులో శెనక్కాయల పొడి మెత్తగా కొట్టి కలిపేది.

డాక్టరు దగ్గర "ఆకలి లేదు" అని ఒక్క మాటతో సరిపెట్టకండి. నోటిపూత, మలబద్ధకం, మింగలేకపోవడం... విడివిడిగా చెప్పాలి, వీటికి వైద్యం ఉంది. 2023లో పుదుచ్చేరి జిప్‌మర్ వాళ్ళు కీమో తీసుకుంటున్న 124 మందితో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో కొందరికి రోజుకు 2.5 మి.గ్రా. ఒలాంజపిన్ 12 వారాలు ఇస్తే, మందు లేనివాళ్ళ కన్నా ఆకలీ బరువూ బాగా మెరుగయ్యాయి. అసలది మానసిక జబ్బులకు వాడే మందు. అడగాల్సింది డాక్టర్ని, మెడికల్ షాపువాణ్ణి కాదు.

ఇప్పుడు వచ్చినవాళ్ళకు అక్క గుమ్మంలోనే చెప్పేస్తుంది, తిండి మాటెత్తొద్దని. వాన గురించో, పెళ్ళి సంబంధాల గురించో మాట్లాడతారు (ఎక్కువగా నా పెళ్ళి గురించే, అది వేరే కథ). ఆ మాటల మధ్యలో పెద్దమ్మ నాలుగు బొరుగులు నోట్లో వేసుకుంటుంది. మేం చూడనట్టే ఉంటాం.