క్రోమ్ మెరుపంతా కింది నలుపుదే

1/24 స్కేల్ మోడల్ కారు బంపర్‌కి క్రోమ్ మెరుపు రావాలంటే మంచి సిల్వర్ పెయింట్ కొంటే చాలనుకుంటారు చాలామంది. అసలు పనంతా దాని కింద వేసే నిగనిగలాడే నలుపు పెయింట్‌ది (గ్లాస్ బ్లాక్). ఆ నలుపు అద్దంలా ఆరాలి. ఒక్క దుమ్ము కణం ఉన్నా, సన్నటి గీత ఉన్నా క్రోమ్ దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది.

నలుపు బాగా గట్టిపడ్డాక ఆల్‌క్లాడ్ లాంటి క్రోమ్ లాకర్ పెయింట్‌ని ఎయిర్‌బ్రష్‌తో 12-15 పీఎస్ఐ ఒత్తిడిలో పల్చగా, పొర మీద పొరగా కొట్టాలి. మొదట్లో పొగచూరిన నల్లటి అద్దంలా ఉంటుంది. తర్వాతి పొరలకి మెరుపు తేలుతుంది. అక్కడే చెయ్యి ఆపాలి. ఇంకాస్త అనుకుంటే లోతు పోయి మామూలు సిల్వర్ మిగులుతుంది. పైన క్లియర్ కోట్ వేసినా ఆ మెరుపు మందగిస్తుంది.

బాడీకి వేసే మెటాలిక్ రంగు లెక్క వేరు. అందులోని లోహపు రేణువులు ముతకగా ఉంటే 1/24లో గులకరాళ్లలా కనిపిస్తాయి. రేణువు ఎంత సన్నగా ఉంటే బొమ్మ అంత నిజం కారులా ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక్క మాట: నేరుగా బంపర్ మీద కొట్టకండి. ముందు ప్లాస్టిక్ చెంచా వెనకవైపు ప్రయత్నించండి. ఆ వంపు మీద మీ ముఖం కనిపిస్తే అప్పుడు కారు పట్టుకోండి.