లాకీషులో దొరికిన దువ్వెన

యెరూషలేము నుండి నైరుతి దిక్కుగా సుమారు 40 కిలోమీటర్లు వెళితే, మెట్టల మధ్య ఒక పెద్ద దిబ్బ కనిపిస్తుంది. అదే లాకీషు. యెహోషువ 10వ అధ్యాయములోను, 2 రాజులు 18వ అధ్యాయములోను మనము చదివే పట్టణము. క్రీ.పూ. 701లో అష్షూరు రాజైన సన్హెరీబు దీనిని పట్టుకొని, ఆ విజయాన్ని నీనెవెలోని తన నగరులో రాతిపలకల మీద చెక్కించుకొన్నాడు. ఆ పలకలు ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తల్లులు, పిల్లలు ఎద్దుబండ్ల మీద చెరకు పోవుట వాటిలో చూడవచ్చును.

అయితే ప్రియ చదువరులారా, రాజుల కథలకంటె మన ఇండ్లకు దగ్గరైన వస్తువొకటి ఈ దిబ్బలో దొరికింది. 2016లో త్రవ్వకాలు జరిపినవారు ఏనుగు దంతముతో చేసిన దువ్వెనను బయటికి తీశారు. పొడవు మూడున్నర సెంటీమీటర్లు, వెడల్పు రెండున్నర. అగ్గిపెట్టెకంటె చిన్నది. పండ్లు ఎప్పుడో విరిగిపోయినా, మొదళ్ళు మిగిలాయి. ఒక ప్రక్క 6 లావుపాటివి, రెండవ ప్రక్క 14 సన్ననివి. లావువి చిక్కు తీయడానికి, సన్ననివి పేలు, ఈర్లు దువ్వడానికి. మన సంతలో దొరికే రెండు ప్రక్కల చెక్క పేలదువ్వెన తీరు కూడ ఇదే గదా!

2021 చివరలో దాని మీద సన్నగా గీసిన 17 అక్షరాలు కంటబడ్డాయి. ఈ దంతము తలలోను, గడ్డములోను ఉన్న పేలను పెరికివేయవలెనన్నది వాటి భావము. దీనిని 2022లో ప్రకటించారు. అక్షరాల తీరును బట్టి ఇది సుమారు క్రీ.పూ. 1700 నాటిదని పండితుల అంచనా. కనాను అక్షరాలలో ఇంతవరకు దొరికిన పూర్తి వాక్యములలో ఇదే మిక్కిలి ప్రాచీనమైనది. ఒక పంటి మొదట పేను అవశేషము కూడ కనబడింది.

ఆ కాలమున కనానులో ఏనుగులు లేవు. దంతము పరదేశము నుండి రావలసినదే. అంటే ఈ దువ్వెన గలవారు కలిగినవారు. వారి తలలోను పేలున్నవి! తరువాతి శతాబ్దాలలో ఖుమ్రాను, మసాదాలవంటి ఎడారి స్థలాలలో వాడిన దువ్వెనలలో సహితము పేలు, ఈర్లు దొరికాయి.

కాబట్టి పేలు బీదతనపు గుర్తు కాదు, మురికి గుర్తు కాదు. తలకు తల తగిలితే అవి ఎక్కుతాయి. బడిలో పేలున్న పిల్లను వేరుగా కూర్చోబెట్టుట, నలుగురిలో నవ్వుట, ఏడుస్తుండగా గుండు చేయించుట న్యాయము కాదు.

తల్లులారా, కిరోసిన్ పూయకండి, నిప్పంటుకొనే ప్రమాదమున్నది. పొలానికి కొట్టే మందు అసలే వద్దు, అది విషము. తల తడిపి లేక నూనె రాసి, పాయలు విడదీసి, సన్నని దువ్వెనతో మొదటినుండి చివరివరకు దువ్వండి. ఈర్లు వారం పది రోజులలో పొదుగుతాయి గనుక మూడు నాలుగు రోజులకొకసారి రెండు మూడు వారాలు దువ్వాలి. ఇంటిల్లిపాది తలలు ఒకే రోజున చూడండి. దువ్వుతున్నంతసేపు బిడ్డతో ప్రేమగా మాట్లాడండి.