శిల్పివృత్తి - ఫలత్యాగసాధన

ఆళ్లగడ్డ శిల్పికుటుంబంలో జన్మించిన ఆ యువకుడు తిరుపతిలో దేవస్థానం వారి సంప్రదాయ శిల్పశిక్షణ సంస్థలో శిలాశిల్పాన్ని అభ్యసించాడు. రాతిధూళి వల్ల తండ్రికి సంక్రమించిన శ్వాసరోగాన్ని కళ్ళారా చూసిన తల్లి మాత్రం "ఈ ఉలి మీ నాన్నతోనే ఆగిపోనీ, నాయనా" అని వేడుకొనేది. అతడు బదులు చెప్పలేదు. ఒక గ్రామాలయానికి విష్ణుమూర్తి మూలవిరాట్టును మలచడానికి అంగీకరించాడు.

మొదటిది శిలాపరీక్ష. ఉలితో తట్టినప్పుడు గంటవలె మ్రోగేది పుంశిల. పురుషదేవతామూర్తికి అదే గ్రాహ్యం. తరువాత తాలమానం. ఉత్తమదశతాలంలో మూర్తి ఔన్నత్యం 124 అంగుళాలు. ఆ అంగుళం మూర్తిని బట్టి నిర్ణయమయ్యే భాగమే కాని శిల్పి వ్రేలి కొలత కాదు. ముఖానికి, కంఠానికి, పాదానికి ఇంతింతని శాస్త్రమే విధించింది. అహంకారానికి అక్కడ తావు అత్యల్పం.

ప్రతిష్ఠకు పూర్వం నేత్రోన్మీలనం. బంగారు శలాకతో స్వామి కన్నులు తెరచినవాడు అతడే. ప్రాణప్రతిష్ఠ ముగిసిన క్షణం నుండి, మాసాల తరబడి తాను చెక్కిన ఆ పాదాలను స్పృశించే అధికారం అతనికి లేదు. కర్మఫలత్యాగాన్ని గ్రంథాలలో పఠించేవారు అనేకులు. శిల్పికి అది వృత్తినియమం.

ఆనాడు అతడు గర్భాలయం వెలుపల, భక్తుల వరుసలో, తల్లి ప్రక్కన నిలిచాడు. హారతివెలుగులో స్వామి కన్నులను ఆమె చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

మరునాటి ఉదయం అతడు ఉలి చేతపట్టి బయలుదేరుతుండగా, తడిపిన వస్త్రాన్ని తెచ్చి అతని ముక్కుకు తానే కట్టింది.