కామరూపుల త్రోవలో

మా వారి పాఠశాలకు దసరా సెలవులిచ్చిన రెండవనాడే మేము నల్లగొండనుండి బయలుదేఱితిమి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ యను మూడూళ్లను చుట్టి, పండుగనాటికి ఇల్లు చేరవలెనని మా సంకల్పము. కోదాడలో మా పినతల్లి కూతురు కాపురమున్నది. దాని బిడ్డకు రెండవయేడు నడుచుచున్నను మేమింకను చూచి యెఱుగము. పుణ్యమును పురుషార్థమును కలిసివచ్చునని మా వారు త్రోవలోని పుణ్యస్థలములను గూడ లెక్కలోనికి తెచ్చిరి. ఆ ప్రయాణము పొడుగునను ఒక్క ప్రశ్న మమ్ము విడువక వెంట వచ్చినది. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సూర్యాపేటకు భానుపురి యని పూర్వనామము. హైదరాబాదునుండి విజయవాడకు పోవు పెద్దబాటపై నున్న యీ పట్టణము 2016 సంవత్సరమున జిల్లాకు ముఖ్యపట్టణమైనది. దుకాణముల సందడియు, బండ్ల రొదయు దాటి ఆటోలో కొంతదూరము పోగానే పిల్లలమఱ్ఱి కనబడును. కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్ల కాలపు శివాలయములు అచ్చట నున్నవి. వానిలో ఎఱకేశ్వరాలయమును 1208 సంవత్సరమున బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ కట్టించినది. ఎనిమిది వందల యేండ్లు గడచినను ఒక యిల్లాలి పేరు దేవుని పేరులో కలిసి నిలిచియుండుట చూచి, ఆ గడపవద్ద మేము చాలసేపు నిలుచుంటిమి.

మా యెనిమిదేండ్ల అమ్మాయి మాత్రము నందివద్దనుండి కదలలేదు. నున్నని రాతివీపుపై చేయి వేసి, “అమ్మా! నందీశ్వరుడు మనిషా, ఎద్దా?” అని యడిగినది. శిలాదుడను మునికి కొడుకై, శివుని సేవించి ప్రమథులలో ముఖ్యుడైనాడని పురాణమున చదివినది చెప్పితిమి. “అయితే మనిషి ఎద్దెట్లా అయినాడు?” అని మఱల ప్రశ్న! పూజారిగారు నవ్విరి, మేమును నవ్వి ఊరకుంటిమి. కాని ప్రశ్న మాత్రము ఊరకుండలేదు.

తలచిన రూపము దాల్పగలవారిని మన ఇతిహాసములు కామరూపులనును. హనుమంతుడు శ్రీరాముని చూడ భిక్షురూపమున వచ్చెను. మారీచుడు బంగారులేడియై సీతమ్మను మోసపుచ్చెను. కిందముడను ముని భార్యతో గూడ లేడిరూపమున అడవిలో విహరించుచుండగా పాండురాజు బాణము వేసెను. బాణము నాటిన పిదపగాని ఆ లేడి మనుష్యవాక్కుతో మాటాడలేదు. ఇక బాలనాగమ్మ కథ విననివారు మనలో నుందురా? మాయల ఫకీరు ఆ యిల్లాలిని కుక్కగా మార్చి కొనిపోయెను. బుఱ్ఱకథలోనో, 1942లో వచ్చిన చలనచిత్రములోనో ఆ ఘట్టమునకు కంటతడి పెట్టుకొనని అమ్మమ్మలు లేరు. ఈ కథలనుబట్టి, తమంతట రూపము మార్చుకొనువారు కొందఱు, ఒకరి మాయచే మారినవారు కొందఱు అని రెండు తెగలుగా మేము అమ్మాయికి విడదీసి చెప్పితిమి. మూడవ తెగ యొకటి కలదని అప్పటికి మాకు తోచలేదు.

మఱునాడు ఉదయము జనగామ త్రోవను ఫణిగిరికి పోతిమి. కొండ పాముపడగవలె నుండుటచే ఆ పేరు వచ్చినదందురు. పైన శాతవాహనుల, ఇక్ష్వాకుల కాలమునాటి బౌద్ధస్తూపము, చైత్యగృహములు, భిక్షువులు నివసించిన విహారముల పునాదులు నున్నవి. ఇచ్చట దొరికిన తోరణశిల్పములను 2023 సంవత్సరమున న్యూయార్కు నగరములోని మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రదర్శించిరి. ఎండ తీక్ష్ణమైనందున ఒక విహారపు గోడమొదట కూర్చుండి పెరుగన్నము తినుచుండగా, మా వారు వినయపిటకములోని యొక కథ చెప్పిరి.

పూర్వమొక నాగుడు తన సర్పజన్మమును రోసి, యువకుని రూపము దాల్చి భిక్షువులలో చేరెనట. వానితో ఒకే గదిలోనున్న మఱియొక భిక్షువు తెల్లవాఱకమునుపే లేచి వెలుపల నడయాడ బోయెను. ఒంటరిగానున్న నాగుడు ఆదమఱచి నిద్రపోయెను. నిద్రలో నిజరూపము దాగదు గదా! గది యెల్ల పాముచుట్టలతో నిండి, కిటికీలగుండ శరీరము వెలికి వచ్చెను. తిరిగివచ్చిన భిక్షువు కేక వేయగా అందఱును పరుగెత్తివచ్చిరి. వాడు మేలుకొని తన కథ దాపక చెప్పెను. బుద్ధుడు వానితో, ఈ జన్మమున నీకు సన్న్యాసము ఫలింపదు, పర్వదినములందు ఉపవసింపుము, త్వరలో మనుష్యజన్మము కలుగునని చెప్పి పంపెను. వాడు కన్నీరు కార్చుచు వెడలిపోయెను. నాటినుండి భిక్షువు కాగోరి వచ్చినవానిని, “నీవు మనుష్యుడవా?” అని యడుగుట విధి యైనది. సింహళమునందును, బర్మాయందును, థాయిలాండునందును నేటికిని ఆ ప్రశ్న అడుగుదురు. థాయిలాండులో సన్న్యసింపనున్న పిల్లవానిని నాగుడనియే పిలుతురు.

“పామని తెలిసినాక కొట్టలేదా?” అని అమ్మాయి అడిగినది. కథలో ఎవ్వరును కఱ్ఱ యెత్తలేదు. గది నిండ పామున్నను, వారు మొదట దానిని “నీ వెవడవు?” అని యడిగిరి.

ఆ సాయంకాలమునకు కోదాడ చేరితిమి. దీపములు పెట్టకమునుపే మా చెల్లెలి వీధిలో తలుపులన్నియు బిగించి యున్నవి. లోపల బిడ్డ జ్వరముతో మూలుగుచున్నది. పట్టుకొని చూడగా ఒళ్లు పెనమువలె నున్నది. నాలుగు దినములనుండి ఇంతేయట. డాక్టరునకు చూపితిరా యని యడిగితిమి. మా చెల్లెలు గొంతు తగ్గించి, “ఇది మందుల జ్వరం కాదక్కా” అనినది.

ఆ వీధి చివర ఒక అవ్వ యున్నది. మగడు లేడు, పిల్లలు లేరు. మామూలు దినములలో ఆకుకూరలును, బతుకమ్మ దినములలో తంగేడుపూలు, గునుగుపూలును అమ్ముకొని బ్రదుకుచున్నది. జ్వరము తగులుటకు ముందునాడు ఆమె పూలు తెచ్చి, బిడ్డను ఎత్తుకొని ముద్దాడినదట. ఆ రాత్రినుండి నల్లపిల్లి యొకటి మిద్దెపై తిరిగి అఱచుచున్నది. ముందటి రాత్రి పొరుగింటి కుఱ్ఱవాడు ఇటుకపెళ్ల విసరగా పిల్లి వెనుకకాలికి తగిలినది. తెల్లవాఱి చూడగా అవ్వ కాలికి గుడ్డ చుట్టుకొని కుంటుచు వచ్చినది! ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? బాణామతి తెలిసిన ముసలిది రాత్రులు పిల్లియై తిరుగుచున్నదని వీధి యెల్ల నిశ్చయించినది. మఱునాడు భూతవైద్యుడు రానున్నాడు. ఆ వెనుక అవ్వను ఏమి చేయవలెనో మగవారు తేల్చుకొందురట.

మూడవ తెగ అప్పుడు మాకు తెలిసినది. తాము మారనివారు, ఎవరి మాయచేతను మారనివారు, ఇరుగుపొరుగు నోట మాత్రము జంతువులైన మనుష్యులు!

ఇక మా సంగతి దాచనేల? భారతము, భాగవతము చదివితిమన్న మేము ఆ రాత్రి అమ్మాయిని గోడవైపు పండుకొనబెట్టి, తలుపువైపు మేము పండుకొంటిమి. నడిరేయి మిద్దెపై పిల్లి అఱచినది. గుండె ఝల్లుమన్నది. చేయి తనంతట అమ్మాయిమీదికి పోయినది. ఆ పదిక్షణములు మేమును ఆ వీధివారమే.

తెల్లవాఱినది. “తోటకూర, పాలకూర” యని అవ్వ కేక వినవచ్చినది. ఒక్క తలుపును తెఱువబడలేదు. ఫణిగిరిమీద విన్న కథ గుర్తు వచ్చి మాకు సిగ్గు కలిగినది. గది నిండిన పామును అడిగిన మాట, ఈ ముసలితల్లిని అడిగినవారొక్కరును లేరు. మా చెల్లెలు వలదని కొంగు పట్టుకొన్నను తలుపు తీసి, “అవ్వా! కాలికేమైనది?” అని యడిగితిమి.

ఆమె గంప దించి, మా మొగము చూచి, “చెర్వుకట్ట మీద గునుగుపువ్వుకు పోయి జారి పడ్డ బిడ్డా. నాలుగొద్దులాయె. ఇన్నొద్దులకు నువ్వడిగినవ్” అనినది. కొంగుముడి విప్పి నలిగిన చీటి తీసి చూపినది. కట్టు కట్టించుకొన్ననాడు ఆసుపత్రిలో ఇచ్చినదట. ఆమెకు చదువు రాదు. మా వారు దానిని వెలుతురునకు పట్టి తారీకు గట్టిగా చదివిరి. పిల్లికి పెళ్ల తగిలిన రాత్రికి రెండు దినముల ముందటి తారీకది.

ఆ మీదట ఆలస్యము చేయలేదు. బిడ్డను తీసికొని అందఱమును డాక్టరువద్దకు పోతిమి. రక్తపరీక్షలో దోమకాటువలన వచ్చు డెంగీ యని తేలినది. ఇంకను జాగుచేసిన ప్రమాదమే యని డాక్టరు మందలించెను. పాపము, ఆ తల్లి తలవంచుకొని యేడ్చినది. దానిని మేము నిందింపము. భయపడినవారికి తోడుపోవు నోళ్లు వేయి, వైద్యుని వద్దకు తోడుపోవు కాళ్లు రెండైనను లేవు.

చీటి సంగతి విని వీధిలో కొందఱు తలపట్టుకొనిరి. పెళ్ల విసరిన కుఱ్ఱవాడు గంప మోసి అవ్వను ఇంట దింపి వచ్చెను. ఒకావిడ మాత్రము, “రూపమే మార్చుకొనగలది చీటి మార్చుకొనలేదా?” అనినది. ఇట్టి తర్కమునకు మా వారి తర్కశాస్త్రమంతయు ఓడిపోయినది!

బిడ్డకు జ్వరము తగ్గుముఖము పట్టినదాక మూడు దినములు కోదాడలోనే నిలిచి, పిమ్మట హుజూర్‌నగరు, నేరేడుచర్లలమీదుగ మిర్యాలగూడ బస్సెక్కితిమి. నాగార్జునసాగరపు ఎడమకాలువ నీటితో ఇరుప్రక్కల వరిచేలు పచ్చగా నున్నవి. మిర్యాలగూడ చేరకమునుపే బియ్యపుమిల్లుల గొట్టములు కానవచ్చును. బస్సులో మా వారు చెప్పిరి: ఐరోపాఖండమున పదునాఱు, పదునేడు శతాబ్దములలో తోడేళ్లుగ మారుచున్నారని నేరము మోపి ఎందఱనో న్యాయస్థానములలోనే విచారించి చంపిరట. తోడేలికి తగిలిన దెబ్బ మఱునాడు మనిషి ఒంటిపై కనబడెనను కథ అచ్చటను ఉన్నదట! మన దేశమున మంత్రగత్తె యను నెపమున స్త్రీలను హింసించుట నేటికిని ఉడుగలేదు. బీహారులో 1999లోను, జార్ఖండులో 2001లోను ఇందుకై శాసనములు చేసిరి. చేతబడి పేరిట జరుగు దుష్కార్యములపై మహారాష్ట్రము 2013లోను, కర్ణాటకము 2017లోను శాసనములు తెచ్చినవి. శాసనము రాజధానిలో పుట్టును; అనుమానము మాత్రము మన అరుగులమీద పుట్టును.

మిర్యాలగూడనుండి వాడపల్లికి పోతిమి. కృష్ణయు మూసియు కలియు సంగమమది. లక్ష్మీనరసింహస్వామి గర్భాలయమున స్వామి మొగమునకు ఎదురుగానున్న దీపము అల్లలాడుచుండును. పాదములవద్ది దీపము నిశ్చలముగా నుండును. అది స్వామి ఉచ్ఛ్వాసనిశ్వాసములవలన నని భక్తుల విశ్వాసము. మనిషియు మృగమును ఒక్కటియైన ఆ మూర్తి యెదుట అమ్మాయి ఏ ప్రశ్నయు అడుగలేదు. చేతులు జోడించి ఆ జ్వాలనే చూచుచుండెను.

ప్రక్కనే అగస్త్యేశ్వరాలయము. అగస్త్యప్రతిష్ఠ యని స్థలపురాణము. పసిబిడ్డకు పాలుపట్టి పొట్ట నిమురుచు “వాతాపి జీర్ణం” అనని తల్లి మనలో లేదు. లోపాముద్ర కోరిన సొమ్ములకై ధనమర్థింప బోయిన అగస్త్యునకు, ఇల్వలుడు తమ్ముడైన వాతాపిని పొట్టేలుగా మార్చి వండి పెట్టుటయు, ముని వానిని జీర్ణించుకొనుటయు ఆ మాటలోని కథ. అది నిజముగా కీడుచేయు కామరూపుని కథ. వానిని గుర్తింప ఋషికి తపస్సు కావలసివచ్చినది. మనకు ఒక పిల్లియఱపు చాలుచున్నది.

ఇచ్చటి శివలింగము శిరస్సున గుంట యొకటి గలదు. అందలి నీరు తఱుగదందురు. వేటకాడు తఱుముకొనివచ్చిన పక్షి యొకటి ఈ స్వామి చాటున దాగెనట. పక్షిని విడువలేక, వేటకాని ఆకలి చూడలేక, శివుడు తన తలనుండియే మాంసము తీసికొమ్మనెనట. ఆ గాయము కడుగ గంగ వచ్చినదట. పూజారి ఈ కథ చెప్పుచుండగా మాకు చెఱువుకట్టయు, గునుగుపూలును, నలిగిన చీటియు కన్నులలో మెదలినవి.

మిర్యాలగూడలో రైలెక్కునప్పుడు మా చెల్లెలు ఫోను చేసినది. బిడ్డ రెండు ముద్దలు తిన్నదట. అవ్వ కూర తెచ్చినదట; తన యింట కూర్చుండబెట్టి చాయ ఇచ్చినదట. వీధిలో సగము తలుపులు తెఱచుకొన్నవి, సగము ఇంకను మూసియే యున్నవట.

సోదరీమణులారా! ఆ మూసిన తలుపులు మన చేతి తలుపులే. గడియ వేయునది మనమే, తీయవలసినదియు మనమే. మీ వీధి చివరను ఒక అవ్వ యుండును. ఆమెను గూర్చి ఏదైన విన్ననాడు, ఒక్కసారి గడప దాటి, కాలికేమైనదని ఆమెనే యడుగుడు.