స్టూవర్టుపురమున కుర్రు భాష

అంగలకుదురు వాసులమైన మాకు ఎరుకలవారనగా సోదె చెప్పు స్త్రీలును, వెదురు బుట్టలు తెచ్చి అమ్మువారును మాత్రమే. వారు తమలో తాము మాటాడుకొను మాటలను చిన్ననాటినుండి వినుచుండియు, అది ఏ భాషయని విచారించినవారు మాలో లేరు. ఆ విచారణకై ఒక ఉదయమున తెనాలిలో ప్యాసింజరు బండి ఎక్కి, నిడుబ్రోలు, బాపట్ల దాటి, చీరాలకు ఈవలనున్న స్టూవర్టుపురమున దిగితిని.

1913లో నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకలవారికై మద్రాసు ప్రభుత్వము నెలకొల్పి, రక్షణ సైన్యమను క్రైస్తవ సంస్థకు అప్పగించిన సెటిల్‌మెంటు ఇది. నాటి గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు స్టేషను పలకమీద నేటికిని నిలిచియున్నది. కోస్తానుండి లోనాటికి పశువులమీద ఉప్పు చేరవేసి ధాన్యమునకు మార్చుకొనుచుండిన ఉప్పు ఎరుకల వర్తకమును రైలుబండ్లును, ఉప్పుమీది సర్కారు కట్టుబాట్లును కూల్చివేసెను. బ్రతుకుతెరువు పోయినవారిని పిమ్మట ఆ సర్కారే దొంగలనెను. అట్టివారి ఊరికి నేను రైలుమీదనే పోవలసివచ్చుట నాకు కొంత సిగ్గుగానే తోచినది.

వేపచెట్టు నీడన కూర్చున్న ఒక వృద్ధుని, "తాతా, మీ భాష ఏమిటి?" అని అడిగితిని.

"కుర్రు బాస బాబూ. మా అమ్మా నాయనా మాట్లాడిందే. మనవళ్ళకి అర్థమవుద్ది గాని నోరు తిరగదు," అనెను.

అంకెలు చెప్పుమనగా నాలు, అంజు అని ఆయన చెప్పుచుండ, అరవము కొంత ఎరిగిన నా చెవికి అవి అపరిచితములు కాలేదు. గ్రియర్సను పర్యవేక్షించిన భారతీయ భాషా సర్వే ఈ భాషను తమిళపు ఉపభాషలలో చేర్చినది. వందల ఏండ్లు తెలుగువారి నడుమ మసలుటచే తెలుగు పదములు దీనిలో పుష్కలముగా కలిసినవి. వెదురు దబ్బలతో అల్లు దబ్బ ఎరుకలు, నేతగాండ్రకు కుంచెలు కట్టు కుంచె ఎరుకలు, కరివేపాకు ఎరుకలు అని వృత్తినిబట్టి తెగలు పెక్కు. ఊరు మారినకొలది పలుకుబడియు మారునని తాత సెలవిచ్చెను.

ఇట్టి భాషను 1892లో మల్లలి, 1905లో పాపారావు నాయుడు అను పోలీసు అధికారులు తమ గ్రంథములలో ఎక్కించినది నేర పరిశోధనకొరకు. తల్లి బిడ్డను బుజ్జగించు భాష దొంగల సంకేతమని లోకము నమ్మినదన్నచో, దోషము విన్న చెవిది గాని పలికిన నోటిది కాదు.

వ్రాత లేని చిన్న భాషలకును వ్రాత కలుగవచ్చును: వియత్నాము, కంబోడియా కొండలలోని మ్నాంగ్ జనులు పలు మాండలికములుగా పలుకు భాషకు వియత్నామున రోమను లిపిలో వ్రాత ఏర్పడినది. దానికి దూరపు చుట్టమైన మన సవర భాషకు గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు ధారపోసి 1931లో వ్యాకరణ గ్రంథమును, తరువాత నిఘంటువును సమకూర్చిరి. కుర్రుకు అట్టి భాగ్యము పట్టలేదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు ఎరుకలవారు 5 లక్షలకు మించియుండగా, దేశమంతటను ఈ భాషను మాతృభాషగా వ్రాయించినవారు సుమారు 58 వేలు.

బాపట్ల, తెనాలి కళాశాలల తెలుగు శాఖలవారు సెలవులలో విద్యార్థులను ఇచటికి పంపి, తాతలు బ్రతికియుండగనే ఈ మాటలను తెలుగు లిపిలో వ్రాయింపవలెను. ఏలయన, 2004 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో 8 గిరిజన భాషలలో బోధన ఆరంభమైనప్పుడు సవర, గోండీ, కోయ మున్నగునవి చేరినవి. ఎరుకల భాష చేరలేదు.