తులం ఎత్తు గుండు

సుద్దముక్క తప్ప మరో ఆయుధం చేతబట్టి ఎరగనివాణ్ణి నేను. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. అటువంటి నేను ఒక వేసవి సెలవులన్నీ తుపాకి గొట్టం ఎన్ని అంగుళాలుండాలి, అందులో గుండు ఎంత బరువుండాలి అనే చర్చతో గడిపానంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

సంగతేమిటంటే, 2023 వేసవిలో మా అక్కయ్యా బావా రమ్మంటే అమెరికా వెళ్లాను. కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ వాళ్ల ఊరు. వీధి గుమ్మంలో నిలబడితే పడమటి దిక్కున రాకీ పర్వతాలు గోడకట్టినట్టు కనిపిస్తాయి. బావ ఆ దేశం వెళ్లి పాతికేళ్లయింది, అక్కడి పౌరుడైపోయాడు. ఆఫీసులో స్నేహితుల సావాసం వల్ల అతనికి వేట పిచ్చి పట్టుకుంది. వేటగాళ్లకు అక్కడ తప్పనిసరి అయిన చదువు చదివి, పరీక్ష పాసై, కార్డు కూడా సంపాదించాడు. ఆ ఏడు లాటరీలో అతని పేరు వచ్చింది. అక్టోబరు నడిమిని, మొదటి రైఫిల్ సీజన్ అయిదు రోజుల్లో, ఒక్కటంటే ఒక్క ఎల్క్‌ను వేటాడవచ్చునని ప్రభుత్వం వారి అనుమతి.

ఎల్క్ అంటే మన అడవుల్లో కణుజుకు దూరపుచుట్టం. మగది మూడు వందల కిలోలు తూగుతుంది. తలమీద కొమ్ములు చూస్తే ఎండిన చెట్టును మోస్తున్నట్టుంటుంది. అక్కడి ఆదివాసుల్లో షానీ జాతివారు దాన్ని 'వాపిటి' అన్నారు; తెల్లని పిరుదులది అని అర్థంట. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు కొలరాడోలో ఉన్నాయి.

"తుపాకి కొనాలి మాష్టారూ. కొనడం కాదు, కట్టించాలి. ఇంజను వేరు, గొట్టం వేరు, కర్ర వేరు తెప్పించి కట్టించాలి. అయిదారు వందల గజాల నుంచి కొట్టగలగాలి," అన్నాడు బావ, నేను దిగిన మర్నాడే.

"ఇల్లు కట్టించినప్పుడైనా ఇంత ఆలోచించలేదు," అంది అక్కయ్య పెసరట్టు వడ్డిస్తూ.

ఆ రోజు నుంచీ బావ గురువు, నేను శిష్యుణ్ణి. తూటా వేరు, గుండు వేరు అన్నది మొదటి పాఠం. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతిలో గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. ఎగిరిపోయేది గుండొక్కటే. గుండు అనగానే నాకు తిరుపతి గుర్తొచ్చిందిగాని పైకి అనలేదు. దాని బరువు గ్రెయిన్లలో చెబుతారు. ఎల్క్ వేటకు పాతకాలం నుంచీ పేరుపడ్డది 180 గ్రెయిన్ల గుండు. ఆ అంకె ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. తరవాత తట్టింది. ఇంగ్లీషువాళ్లు 1833లో మన తులానికి కట్టిన తూకం సరిగ్గా 180 గ్రెయిన్లే! మూడు వందల కిలోల జంతువును పడగొట్టేది తులం ఎత్తు లోహమన్నమాట. అక్కయ్య మెళ్లో గొలుసు ఇంకా ఎక్కువ తూగుతుంది.

ఇక తూటాల ఎంపిక. ఆడపిల్లకు సంబంధాలు చూసినట్టే చూశాం. మొదటి సంబంధం థర్టీ-ఆట్-సిక్స్. పేరులో మొదటి అంకె అంగుళంలో నూరోవంతుల లెక్కన గొట్టం లోపలి వెడల్పు. రెండోది పుట్టిన సంవత్సరం, 1906. అమెరికా సైన్యం కోసం పుట్టింది. వంశం మంచిది, వయసు ముదిరింది. రెండోది త్రీ హండ్రెడ్ విన్‌చెస్టర్ మాగ్నమ్, 1963 నాటిది. వెడల్పు అదేగాని మందెక్కువ, వేగమెక్కువ, కోపమూ ఎక్కువే. మూడోది సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మోర్, 2007లో వచ్చింది. సన్నగా నాజూగ్గా ఉంటుంది, భుజాన్ని నొప్పించదు, కాగితంమీద గురికి పెట్టింది పేరు. నాలుగోది సెవెన్ పీఆర్‌సీ, 2022లో వచ్చిన కుర్రది. పొడుగాటి గుండు, గాలిని సూదిలా చీల్చుకుపోతుంది.

చట్టం దృష్టిలో నలుగురూ అర్హులే. కొలరాడోలో ఎల్క్‌ను కొట్టే గుండు కనీసం 85 గ్రెయిన్లుండాలి, వంద గజాల దగ్గర వెయ్యి అడుగు-పౌనుల సత్తా ఉండాలి. అయితే అవి పాసు మార్కులు మాత్రమే. ఎల్క్ ఒంటికి చేరేసరికి పదిహేను వందలైనా మిగిలి ఉండాలని వేటగాళ్ల వాడుక లెక్క. క్రీడ్‌మోర్ మూడు వందల గజాలు దాటి కొంచెం దూరం పోయాక ఆ లెక్క తప్పుతుంది. ఆట్-సిక్స్ నాలుగు వందల దాకా నిలుస్తుంది. మాగ్నమ్ అయిదు వందలు దాటినా నిలుస్తుంది. బావ మనసు మాగ్నమ్‌మీద పడింది.

పెనిమిటి కుదిరాక ఇల్లు చూడాలి కదా. ఇరవై ఆరంగుళాల గొట్టం పెడితే మందు పూర్తిగా కాలి వేగం వస్తుంది, పొదల్లో తట్టుకుంటుంది. గొట్టం లోపల గాళ్లు మెలితిరిగి ఉంటాయి. పదంగుళాలకొక చుట్టు చొప్పున తిరిగితే బరువైన గుండు తూలకుండా పోతుంది. పదివేల అడుగుల కొండలెక్కాలి గనక తుపాకి తేలిగ్గా ఉండాలి. తేలిగ్గా ఉంటే పేలినప్పుడు భుజం విరగతన్నుతుంది. బరువు పెంచితే కాళ్లేడుస్తాయి, తగ్గిస్తే భుజమేడుస్తుంది. మూతికి చిల్లుల గొట్టం ఒకటి బిగిస్తే తన్ను తగ్గుతుందిగాని చెవులు చిల్లులుపడతాయి. చివరికి తుపాకికెంత అవుతుందో దానిమీద దుర్భిణికీ అంత అవుతుందని తేలింది. అక్కయ్య ఆ అంకె విని మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. కేకలేసినా బాగుండేది.

ఒక శనివారం బావ స్నేహితుడు తన మాగ్నమ్ ఇచ్చి, ఊరి బయట గురి మైదానానికి మమ్మల్ని తీసుకెళ్లాడు. ఆయన అమెరికావాడు, అరవై దాటినవాడు, మితభాషి. వంద గజాల దగ్గర బావ కొట్టిన మూడు గుళ్లూ రూపాయి బిళ్లకింద దాగిపోయేలా పడ్డాయి. నేను చప్పట్లు కొట్టాను. తరవాత అయిదు వందల గజాలు. అక్కడ ఇనపరేకు వేలాడదీశారు. పెద్ద కంచమంత ఉంటుంది. ఎల్క్ గుండే ఊపిరితిత్తులూ కలిసి ఇంచుమించు అంతే చోటుట. రెండు వందల గజాలకు గురి సరిచేసిన తుపాకిలో గుండు అయిదు వందలకు చేరేసరికి దాదాపు ఒక గజం కిందికి దిగుతుంది. గంటకు పది మైళ్ల గాలి అడ్డంగా వీస్తే ఇంచుమించు అడుగు పక్కకు పోతుంది. చేరడానికి అరసెకను పైచిలుకు పడుతుంది. ఆ వ్యవధిలో జంతువు ఒక అడుగు వేస్తే గుండెమీది గురి కాస్తా పొట్టమీదికి వస్తుంది.

బావ పది గుళ్లు కొట్టాడు. ఆరుసార్లు రేకు మోగింది.

"అరవై మార్కులు! ఫస్టు క్లాసు!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

స్నేహితుడు ఏమీ అనలేదు. తూటా తనే పెట్టి తుపాకి అందించాడు. బావ గురిచూసి మీట నొక్కాడు. 'టక్కు'మంది, పేలలేదు. అయినా బావ భుజం అదిరింది, కళ్లు మూతపడ్డాయి, తుపాకి మూతి అంగుళమంత కిందికి వంగింది. ఆయన పెట్టింది ఉత్తుత్తి తూటా! తన్నుతుందన్న భయంతో ఒళ్లు ముందే ఉలిక్కిపడుతుందనీ, ఆ సంగతి మనిషికి తెలియదనీ, తెలియజెప్పడానికి ఇదొక్కటే ఉపాయమనీ ఆయన మెల్లిగా చెప్పాడు. బావ ముఖం చిన్నబోయింది.

తిరిగి వచ్చేటప్పుడు నా బుర్రలో ఒకటే ప్రశ్న. మిగతా నాలుగు గుళ్ల సంగతేమిటి? మైదానంలో అవి మట్టిలో దిగాయి. కొండమీద ఎక్కడ దిగేవి?

రాత్రి భోజనాలయ్యాక, అడగకుండానే, మా నాన్నగారి కథ చెప్పాను. అక్కయ్యకు కూడా తెలియని కథ. నా పదో ఏట ఉండేలుతో గోరింక కాలు విరగ్గొట్టిన రోజున నన్ను కొట్టకుండా పక్కన కూచోబెట్టుకుని ఆయన చెప్పింది.

1966లో నాన్నగారు కొత్తగా ఉద్యోగంలో చేరి రంపచోడవరం ఏజెన్సీలో ఉండేవారు. వేటను కట్టడి చేసిన 1972 నాటి చట్టం ఇంకా రాలేదు. స్నేహితుల రెండు గొట్టాల తుపాకి తీసుకుని, దారి చూపడానికి ఒక కొండరెడ్డి ముసలాయన్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్లారు. పొద్దు వాలుతోంది. వాగు అవతలి గట్టున కణుజు మేస్తూ కనిపించింది. నూరడుగులకు పైనే ఉంటుంది.

"దూరం బాబూ. రానీ," అన్నాడు ముసలాయన.

నాన్నగారికి ఇరవై నాలుగేళ్లు. ఆగలేకపోయారు. దెబ్బ తగిలింది. కణుజు మోకాళ్లమీద కూలబడి, లేచి, చీకట్లో కలిసిపోయింది. మర్నాడంతా నెత్తుటి మరకలు పట్టుకుని తిరిగారు; ఒక రాతిబండ దగ్గర మరకలాగిపోయాయి. మూడోనాడు రాబందులు తిరుగుతుంటే ఆ గుర్తున వెళ్లారు. గుండు పొట్టలో తగిలిందిట. అది చచ్చి ఎంతోసేపు కాలేదని ముసలాయన తడిమి చెప్పాడుట. అంటే రెండు రాత్రులు బతికే ఉంది. నాన్నగారు మళ్లీ తుపాకి ముట్టలేదు.

అక్కయ్య కళ్లొత్తుకుంది. బావ చాలాసేపటికి, "అది నాటు గుండు. ఇప్పటి తూటాలకు నూరడుగులు ఒక లెక్కా?" అన్నాడు. కాని గొంతులో బలం లేదు.

"ఆ తుపాకికి నూరడుగులే దూరం, బావా. దీనికి అయిదు వందల గజాలు. తుపాకి మారితే దూరం మారింది, చెయ్యి మారలేదు," అన్నాను. నాకు తెలిసిన పాఠం ఒకటుంది గనక అదీ చెప్పాను. దశరథుడు సరయూతీరంలో చప్పుడు విని బాణం వేశాడు. శబ్దభేది విద్యలో అతని గురి తప్పలేదు, సరిగ్గా తగిలింది. తగిలినవాడు తల్లిదండ్రులకు నీళ్లు ముంచుతున్న కుర్రవాడు. విద్య ఉంది కదా అని వేశాడుగాని, వెయ్యాలా అని ఆలోచించలేదు. ఏటేటా క్లాసులో ఈ కథ చెబుతూనే ఉన్నానుగాని, ఆ రోజు చెప్పినప్పుడే నాకు బాగా అర్థమైందేమో.

మర్నాడు బావ ఈ సంగతులన్నీ స్నేహితుడికి ఫోనులో చెప్పాడు. ఆయన తమ దేశంలో 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు సంగతి చెప్పాడట. దూరపుగురి అంటే ఇన్ని గజాలని ఆ క్లబ్బు గీత గీయదు. మనిషి ఉద్దేశం చూడమంటుంది. ఎంత దూరం కొట్టగలనో చూద్దామని ప్రాణంమీద పరీక్ష పెడితే అది వేట కాదంటుంది.

వారం తిరక్కుండా ఇంట్లోకి తుపాకి వచ్చింది. కట్టించింది కాదు, దుకాణంలో అమ్మేదే. ముసలి పెళ్లికొడుకు థర్టీ-ఆట్-సిక్స్, ఇరవై నాలుగంగుళాల గొట్టం, తులం ఎత్తు గుండు. బావ వేసవంతా కొండవాలుల్లో కూచునీ మోకరించీ కొట్టి చూసుకున్నాడు. పదికి పదీ తగిలే దూరం మూడు వందల గజాలని తేలింది. తెల్లకాగితంమీద '300' అని రాసి, తుపాకి కర్రకు అతికించాడు. నేను జూన్ ఆఖరుకు ఇండియా వచ్చేశాను.

అక్టోబరులో అక్కయ్య ఫోను చేసింది. గన్నిసన్ వైపు కొండల్లో బావ అయిదు రోజులు చలిలో తిరిగాడట. నాలుగో రోజు సాయంకాలం లోయ అవతల మగ ఎల్క్ కనిపించింది. దూరం కొలిచే యంత్రంలో చూస్తే 470 గజాలు. గాలి లేదు. పడుకుని గురిచూసి, వేలు మీటమీద పెట్టి, కాగితంమీది అంకె చూసి, వేలు తీసేశాడు. దగ్గరకు పాకుతుండగానే అది కొండ దాటిపోయింది. మాంసానికని తీసుకెళ్లిన ఐసు పెట్టెలు రెండూ ఖాళీగా తిరిగొచ్చాయి. ఆ రాత్రి ముద్దపప్పూ ఆవకాయా వేసుకుని బావ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడట.

ఆ సాయంత్రం నాన్నగారికి ఈ కబురు చెప్పాను. ఆయనకు ఎనభై ఒకటి. వాలుకుర్చీలో కళ్లు మూసుకుని విన్నారు.

"ఎంత దూరమన్నావు?"

"470 గజాలుట."

"మేస్తోందా?"

"మేస్తోందిట."

చాలాసేపు ఊరుకున్నారు. నిద్రపోయారేమో అనుకుని లేవబోతూంటే, కళ్లు తెరవకుండానే అన్నారు:

"రానీ అన్నాడురా ఆ ముసలాయన. ఒక్క మాట. రానీ అన్నాడు."