మోత కాదు గురూ... గొంతు వినండి!

కొత్త సెట్టు ఇంటికి రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఏమిటో తెలుసుగా? డ్రమ్ములు దడదడలాడే పాట పెట్టి, కిటికీ అద్దాలు అదిరాయా లేదా అని చూడ్డం! అదిరితే సెట్టు మంచిదట. నా లెక్క వేరు. మగగొంతు వినందే ఏ సెట్టుకీ మార్కులు వేయను.

ఎందుకంటారా? మనిషి గొంతు మనం పుట్టినప్పటినుంచీ వింటున్నదే. తేడా వస్తే చెవి చప్పున పట్టేస్తుంది. పైగా మాట్లాడే మగగొంతు పునాది సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. గది గోడలు గుంయ్‌మనే మోత కలిపేది కూడా ఆ ప్రాంతంలోనే. స్పీకరును మూలకు నెట్టారో, గాయకుడు కుండలో తల పెట్టి పాడినట్టుంటుంది. ఒక్క అడుగు ముందుకు జరపండి, గొంతు తేటపడుతుంది. పైసా ఖర్చు లేదు!

నా మొదటి పరీక్ష ఘంటసాలగారి 'పుష్పవిలాపం'. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటారో కూడా నాకు కంఠతా వచ్చు. 78 ఆర్.పి.ఎం. రికార్డుల నాటి మోనో అది. "మోనోతో స్టీరియోకి పరీక్షేమిటి?" అనకండి. మోనో గొంతు రెండు స్పీకర్లకూ నట్టనడుమ నిలబడాలి. అలా నిలవక గదంతా చెల్లాచెదురై పల్చబడిందా, ఒక స్పీకరు తీగలు ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయేమో చూసుకోండి.

రెండోది ఆయన భగవద్గీత. శ్లోకం పాడే గొంతూ, తాత్పర్యం చెప్పే గొంతూ ఒకే మనిషివనిపించాలి. శ, ష, స విడివిడిగా వినిపించాలి. అన్నీ కలిసి బుస కొడుతుంటే ట్రెబుల్ ఎక్కువైందన్నమాట.

మూడోది బాలు. 'శంకరాభరణం' (1980)లో నిండుగా పలికిన ఆ గొంతే, 'మనుషులంతా ఒక్కటే' (1976)లో అచ్చం అల్లు రామలింగయ్యగారి వేషం కట్టింది. నాసిరకం సెట్టులో వేషమే వినిపిస్తుంది. మంచి సెట్టులో వేషం వెనక బాలు కూడా దొరుకుతారు!

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న వెళ్ళిపోయారు. బాలు 2020 సెప్టెంబరు 25న. ఇక వాళ్ళ కచేరీకి ఏ కౌంటర్లోనూ టిక్కెట్టు దొరకదు. ఆ ఊపిరి, ఆ ఉచ్చారణ మనకు మిగిలింది రికార్డుల్లోనే. వాటిని మోత కింద పాతేసే సెట్టు ఎన్ని వాట్లదైతే ఏం లాభం?

అంచేత షాపుకి వెళితే, వాళ్ళ డెమో పాటకు పడిపోకండి. మీకు ప్రాణమైన గొంతును మీరే పట్టుకెళ్ళండి!